ఇండెంట్‌లో లేని రాగి రేకు

పాత అల్యూమినియం పడవకి వెనక బల్ల మార్చాలంటే లోపల ఏ చెక్క వేయాలని ఇప్పటికీ నన్ను అడుగుతూనే ఉంటారు. రిటైరై ఇంట్లో కూర్చున్నా ఆ ఒక్క విషయంలో నా పేరు ఇంకా చెల్లుతోంది. చెల్లకపోతే బాగుండేది. వర్క్‌షాపుల్లో కొత్తగా చేరిన మీలాంటివాళ్ళ కోసం నాకు తెలిసింది చెప్తాను. చెక్క సంగతి అందులో సగమే. మిగతా సగం నేను చేసిన పని గురించి, చేయకుండా వదిలేసిన పని గురించి. ఇది మా ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు.

వెనక బల్ల అంటే పడవ వెనక అడ్డంగా నిలబడే గోడ. పుస్తకాల్లో ట్రాన్సమ్ అంటారు. ఇంజను బరువంతా దాని మీదే వేలాడుతుంది, అది తోసే తోపుడంతా దాని గుండానే పడవకి అందుతుంది. బయట ఒక అల్యూమినియం రేకు, లోపల ఒక రేకు, మధ్యలో చెక్క. రేకు కనిపిస్తుంది, చెక్క కనిపించదు. పైకి పడవ నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల చెక్క నానిన అటుకుల్లా అయిపోయి ఉంటుంది.

నేను పనిచేసిన శాఖ పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. నేను వర్క్‌షాపులో ఫోర్‌మన్‌ని. మా పడవ నరసాపురం దిగువన లంక ఊళ్ళకి తిరిగేది. పోటుకి ఉప్పునీళ్ళు, పాటుకి మంచినీళ్ళు, రెండూ దాని ఒంటికి అలవాటే. మామూలు రోజుల్లో నర్సుల్ని, మందుల పెట్టెల్ని లంకల్లో దింపి రావడం, వరదొస్తే మనుషుల్ని ఒడ్డుకి తేవడం దాని డ్యూటీ. దాన్ని నడిపే సరంగు నాకన్నా రెండేళ్ళు చిన్న. అక్షరం ముక్క రాదు గానీ, నీళ్ళ రంగు చూసి కింద ఇసుక ఎంత ఎత్తు మేట వేసిందో చెప్పేవాడు. మధ్యాహ్నం మేమిద్దరం ఒకే బల్ల మీద క్యారేజీలు విప్పేవాళ్ళం. వాళ్ళావిడ చేసిన చేపల పులుసు సగం నా గిన్నెలో పోసిగానీ తను ముద్ద ఎత్తేవాడు కాదు.

ఒకరోజు అతనే వచ్చి చెప్పాడు. "ఫోర్‌మన్ గారండి, గేరు వేత్తే మన పడవ వెనక బల్ల ఊపిరి తీసుకుంటందండి."

వెళ్ళి చిన్న సుత్తితో కొట్టి చూశాను. మంచి చెక్క ఉంటే టక్కుమనాలి. అరటిబోదెని కొట్టినట్టు మోగింది. బోల్టు ఒకటి విప్పితే నల్లటి నీళ్ళు కారాయి. పడవని ఒడ్డెక్కించి, లోపలి రేకు విప్పించాను. చెక్కని పార అక్కర్లేకుండా చేత్తోనే తీసేశాం.

ఇక సామాను ఎంచుకోవడం మొదలైంది. ఆ వారం రోజులూ నేను ఎంత గర్వంగా తిరిగానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతాను. వడ్రంగి మేస్త్రిని బయటినుంచి పిలిపించాం. చెక్క పడవలు కట్టి చేతులు కాయలు కాసిన పెద్దాయన. ఆయన టేకు వేద్దామన్నాడు. బరువు, పైగా ఒక్క ముక్కగా దొరకదు, అతుకు పెడితే అక్కడే విచ్చుకుంటుంది, వద్దన్నాను. మా స్టోర్‌కీపరు పచ్చగా మందు పట్టించిన కలప చూపించి, "ఇది చెదలు పట్టదు, నూరేళ్ళు ఉంటది," అన్నాడు. ఆ పచ్చదనం రాగి మందుది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ట్రైనింగులో మా మాస్టారు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసిన సంగతి నాకు గుర్తుంది. రాగినీ అల్యూమినియాన్నీ ఆనించి పెట్టకూడదు. మధ్యలో ఉప్పునీళ్ళు చేరితే రాగి చెక్కుచెదరదు, అల్యూమినియం తెల్లగా పిండి అయిపోతుంది. అందుకని ఆ కలపని వాకిట్లోంచే వెనక్కి పంపాను. ఇత్తడి బోల్టులు ఇస్తానంటే, ఇత్తడిలోనూ రాగే కదా అని స్టోర్‌కీపరు మీద అరిచాను. స్టీలు బోల్టులే కావాలని, అవీ రేకుకి ఆనకుండా నైలాను వాషర్లు, నైలాను గొట్టాలు ఉండాలని పట్టుబట్టాను. సందులు పూడ్చే గమ్ముల్లో పులిసిన వాసన వేసేది కూడా రేకుని తింటుందని, వేరే రకం తెప్పించాను.

ప్లైవుడ్ విషయంలో అందరినీ ఇంకా వేపుకు తిన్నాను. పడవలకి వాడే రకం అని ముద్ర ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. కొట్టువాడు ఇచ్చిన ముక్కని వర్క్‌షాపు టీ స్టవ్ మీద గిన్నెలో వేసి పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఉడకబెట్టాను. పొరలు విడిపోతే జిగురు మంచిది కాదని లెక్క. వచ్చినవాళ్ళందరూ మూత తీసి చూసి, "ఫోర్‌మన్ గారు చెక్క పులుసు పెడతన్నారు, ఉప్పు సరిపోయిందేమో చూడండి," అని నవ్వుకున్నారు. మొదటి రెండు కొట్లవీ విడిపోయాయి. మూడోది నిలిచింది. దాన్నే తెచ్చి, రెండు పలకలు అతికించి, కోత పెట్టిన ప్రతి అంచుకీ, తొలిచిన ప్రతి బెజ్జానికీ నీళ్ళు దిగకుండా ఎపాక్సీ జిగురు మూడు పూతలు పట్టించాను. పడవలో చెక్కకి నీళ్ళు తగలకపోవడం ముఖ్యం, చెక్క ఏ జాతిదన్నది తర్వాతి మాట. మీరు గుర్తు పెట్టుకోవాల్సిందేమైనా ఉంటే ఆ ఒక్కటే.

మర్నాడు బల్ల బిగిస్తామనగా సరంగు నా దగ్గరికి వచ్చాడు. చేతిలో పసుపు గుడ్డలో చుట్టిన రాగి రేకు. అరచేతిలో సగం ఉంటుంది. దాని మీద గీతలు, బీజాక్షరాలు. పాత బల్ల ఊడి ఉంటే ఏమయ్యేదోనని వాళ్ళావిడకి భయం పట్టుకుందట. పాలకొల్లు వెళ్ళి పూజ చేయించి తెచ్చింది.

"ఇంటికి ద్వారబంధం నిలబెట్టేటప్పుడు గడప కింద రాగి రేకు ఏత్తాం కదండీ. పడవకి ఈ బల్లే కదండీ గడప. ఇంజను నిలబడేది దీని మీదే. లోపల పెట్టిస్తే మా ఆడది నిద్రపోద్దండి."

నేను అందరి ముందూ నవ్వాను. వారం నుంచి రాగి, రాగి అని అరుస్తున్నవాణ్ణి, ఇప్పుడు రాగే తెచ్చావా అన్నాను. రాగి రేకు అల్యూమినియం రేకుని తినేస్తుందని లెక్చరు దంచాను. "ఆయ్, మీ ఇష్టవండి," అని అతను గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నం క్యారేజీ తెచ్చుకుని పడవ నీడన ఒక్కడే కూర్చుని తిన్నాడు. అది నేను భరించలేకపోయాను. పులుసు కోసం కాదు. అంతమందిలో అతన్ని అలా తీసిపారేసి ఉండకూడదు.

సాయంత్రం పిలిచి ఒక మధ్యేమార్గం చెప్పాను. రేకుని మందపాటి పాలిథిన్‌లో రెండు చుట్లు చుట్టి, అంచులు టేపు వేసి, బల్ల పైభాగాన, లోపలివైపు, నీళ్ళు చేరని చోట పెడదామన్నాను. అతని ముఖం విచ్చుకుంది. వడ్రంగి మేస్త్రికి కూడా విడమరిచి చెప్పాను. ఆయన తలూపాడు.

బల్ల బిగించే రోజున పెద్ద ఆఫీసులో మీటింగు ఉందని నన్ను పిలిచారు. పడవ ఎప్పుడు నీళ్ళలో దిగుతుందని అడగడానికే ఆ మీటింగు. మర్నాటికే దింపుతామని ఒప్పుకుని తిరిగి వచ్చేసరికి బల్ల బిగించేసి ఉంది. గమ్ము పెట్టారు, బోల్టులు బిగించారు, లోపలి రేకు మూసేశారు. పని చక్కగా ఉంది.

"రేకు?" అన్నాను.

"పెట్టేసేనండి," అన్నాడు మేస్త్రి.

"పైన కదా?"

"గడపకి రేకు కిందేత్తారండి, పైనెవరేత్తారు. ఇంజను కింద బోల్టుల మధ్యన పెట్టేను. ఉబ్బెత్తుగా ఉంటే బల్ల ఆనదని, ఉలితో రేకంత గాడి తీసి అందులో కూకోబెట్టేను. బయటి రేక్కి అతుక్కుని కూర్చుంది."

"ప్లాస్టిక్‌తోనేనా?"

ఆయన నా వంక జాలిగా చూశాడు. "పూజ చేసిందాన్ని ప్లాస్టిక్ సంచీలో కడితే దేవుడికి ఊపిరాడద్దా అండీ?"

ఆయన్ని తప్పుపట్టను. గడపలు నిలబెట్టినవాడు గడప నిలబెట్టినట్టే చేశాడు. అల్యూమినియం సంగతి తెలిసినవాణ్ణి నేను. మూడు పూతలు వేయించిన చెక్కకి ఉలితో గాయమైంది, ఆ పచ్చి చోట రాగి కూర్చుంది, దానికి అవతల అల్యూమినియం. ఇక ఉప్పునీరొక్కటే తక్కువ. విప్పండి అనాలి. విప్పితే గమ్ము పాడవుతుంది, మళ్ళీ తెప్పించాలి, మర్నాడు పడవ దిగదు, ఒప్పుకున్న మాట పోతుంది. పక్కనే సరంగు చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడి ఉన్నాడు. అరచేతిలో సగమే కదా, ఏం చేస్తుందిలే అనుకున్నాను. వారం రోజులు చెక్క ఉడకబెట్టినవాణ్ణి, ఆ మాట అనుకోవడానికి నాకు అర నిమిషం పట్టలేదు.

మూడు వానాకాలాలు గడిచాయి. ఏటేటా పడవకి రంగు వేసేటప్పుడు ఆ చోట వేలు పెట్టి నొక్కి చూసేవాణ్ణి. మొదటి ఏడు ఏమీ లేదు. రెండో ఏడు రంగు కొంచెం పొంగింది, గీకించి మళ్ళీ వేయించాను. మూడో ఏడు కూడా పొంగింది. విప్పి చూద్దాం అనుకున్నాను. వరదల సీజను అయ్యాక చూద్దాం అనుకున్నాను.

ఆ సీజనులోనే గోదావరి వచ్చింది. నేను రేవు దగ్గర డ్యూటీలో ఉన్నాను. వరదొస్తే లంకల్లో పాములు ఇళ్ళల్లోకి ఎక్కుతాయి. పొద్దున్నే ఒక లంకలో, అటక మీంచి బియ్యం డబ్బా దింపుతున్న ఇల్లాలిని పాము కరిచిందని ఫోను. సరంగు, సాయానికి ఒక కళాసీ పడవ వేసుకుని వెళ్ళారు. అంబులెన్సు రేవుకి వచ్చి నిలబడింది. ఆసుపత్రిలో మందు సిద్ధంగా ఉంది. ఆమె ఇవతలి ఒడ్డుకి చేరితే చాలు.

పడవ తిరుగు ప్రయాణంలో కనిపించింది. ముందు సగం ఎత్తి, నిండు వేగంతో వస్తోంది. ఆ ఇంజను గొంతు నాకు కొడుకు గొంతంత తెలుసు. సగం ఏరు దాటాక ఆ గొంతు ఒక్కసారిగా కీచుమని పైకి లేచింది, తర్వాత ఆగిపోయింది. పడవ అడ్డం తిరిగింది. ఏటి వాలున జారుకుంటూ, మేం చూస్తుండగానే చెట్ల వెనక్కి వెళ్ళిపోయింది. రేవులో ఉన్నవాళ్ళంతా అరుస్తున్నారు. నాకు మాత్రం ఏం జరిగిందో చూడకుండానే తెలుసు. ఆ చోటు కూడా తెలుసు.

ఇంకో పడవ ఎక్కడో ఎగువన ఉంది. అది వచ్చి, వెతికి, వాళ్ళని దిగువ ఊరి కొబ్బరితోటలో పట్టుకునేసరికి మధ్యాహ్నం దాటింది. సరంగు తన చొక్కా, గోనెసంచీ కలిపి ఇంజను ఊడిన చోట పడ్డ బెజ్జంలో కుక్కి, వెదురుగడతో పడవని చెట్లలోకి తోసి ఆపాడట. కళాసీ నీళ్ళు తోడుతూనే ఉన్నాడు. ఆమె భర్త ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రేవులో దింపుతున్నప్పుడు, "మెల్లిగా అండి, మెల్లిగా," అంటూనే ఉన్నాడు. ఆమె పోయి చాలాసేపైంది. ఆ సంగతి అతనికి చెప్పాల్సింది ఎవరో మాకెవరికీ తెలియలేదు.

రెండు రోజుల తర్వాత పడవని వర్క్‌షాపుకి తెచ్చారు. అందరినీ పంపేసి నేనొక్కణ్ణే విప్పాను. పైన ప్లైవుడ్ బిగించిన రోజులాగే ఉంది. బోల్టులు మెరుస్తున్నాయి. కింద, గాడి తీసిన చోట, బయటి రేకు తెల్లటి పిండైపోయి అరచేయంత బెజ్జం పడింది. ఆ బెజ్జంలోంచి నీళ్ళు పచ్చి చెక్కలోకి దిగి, పొరలు విడదీసి, కింద బోల్టుల దాకా మెత్తబరిచాయి. ఆ పొరల మధ్య రాగి రేకు ఉంది. అక్షరాలు ఇంకా చదవొచ్చు. దాన్ని తీసి జేబులో వేసుకున్నాను.

విచారణకి వచ్చిన ఆఫీసరు మర్యాదస్తుడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి అడిగాడు.

"వెనక బల్ల పని మీ చేతి మీద జరిగిందేనా అండీ?"

"అవును సార్."

"సామానులో లోపమేమైనా ఉందా?"

సామాను కావాలని నేను రాసిచ్చిన ఇండెంట్ కాపీ ఆయన ముందు పెట్టాను. ప్లైవుడ్, ఎపాక్సీ, స్టీలు బోల్టులు, నైలాను వాషర్లు. ఒక్కొక్కటీ వేలుపెట్టి చదివాడు. "ఇందులో రాసినవన్నీ సరైనవే సార్," అన్నాను. నేను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. దుంగ తగిలి ఇంజను ఊడిపోయిందని కళాసీ చెప్పాడు, అదీ నిజమే. కానీ దుంగ తగిలితే ఇంజను పైకి లేచి మళ్ళీ దిగాలి, అది అలాగే చేసి ఉంటుంది. బల్ల గట్టిదైతే ఊడిపోదు. మరి ఎందుకు ఊడిందని అడగగలిగినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే. నేను అడగలేదు.

తర్వాత సరంగుని పిలిచారు. దుంగలు కొట్టుకొస్తున్న ఏట్లో అంత వేగంగా ఎందుకు నడిపావని అడిగారు. "స్పీడులో ఉన్న మాట నిజవేనండి," అన్నాడు అతను. "ఆవిడ ఊపిరి చూసి తగ్గించలేకపోయేను."

అతని నిర్లక్ష్యమేనని రాశారు. పడవ మీంచి తీసేసి వర్క్‌షాపు గేటు దగ్గర వాచ్‌మన్ డ్యూటీ వేశారు. నీళ్ళ రంగు చూసి ఇసుక చెప్పగలిగిన మనిషి, సర్వీసులో మిగిలిన ఏళ్ళన్నీ రోజూ పొద్దున్నే నాకు గేటు తీశాడు. తీసి, "నమస్కారవండి," అనేవాడు. మధ్యాహ్నం పులుసు తెచ్చేవాడు. డాక్టరు చేపలు వద్దన్నాడని చెప్పి తప్పించుకునేవాణ్ణి.

చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. చెప్తే అతని మీద పడిన మాట పోతుంది. కానీ అతని భార్య పూజ చేయించి తెచ్చిన రేకే ఆ ఇల్లాలి ప్రాణం తీసిందని కూడా తెలుస్తుంది. ఆ మొగుడూ పెళ్ళాం ఇక బతుకుతారా అనుకునేవాణ్ణి. వాళ్ళ కోసమే నోరు మూసుకున్నానని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఆ మాట నాకెంత హాయిగా ఉండేదో చెప్తే మీరు అసహ్యించుకుంటారు. రేకు ప్రాణం తీయలేదు. రేకు ఏం చేస్తుందో తెలిసి, విప్పండి అన్న ఒక్క మాట అననివాడు తీశాడు. పెన్షను కాగితాలు చేతికి వచ్చేదాకా కాచుకున్నాను. వచ్చాక కూడా చెప్పలేదు.

కిందటేడాది నరసాపురంలో ఒక పెళ్ళికి వెళ్ళి, సరంగు ఇంటికి వెళ్ళకుండా రాలేకపోయాను. అతను బాగా చిక్కిపోయాడు. వాళ్ళావిడ గుమ్మంలో కూర్చుని లేసు అల్లుకుంటూ, కుర్చీ వేయమని అతన్ని కేకేసింది. మాటల్లో అతనే ఆ రోజు సంగతి ఎత్తాడు.

"ఆవిడ ఆయుష్షు అంతేనండి. మేం ముగ్గురం బతికేవంటే మాత్రం ఆ రేకు చలవేనండి. అంత బెజ్జం పడ్డాక పడవ మునగాలి కదండీ. మునగలేదు. ఇంతకీ అదేవైందండి? పడవ విప్పినప్పుడు దొరికిందా?"

"గోదాట్లో పోయి ఉంటుంది," అన్నాను.

"పోనివ్వండి. చెయ్యాల్సింది చేసేసి పోయింది," అంది వాళ్ళావిడ, సూది ఆపకుండానే.

ఆ రేకు నా ఇనపపెట్టెలో అడుగున ఉంది. మందపాటి పాలిథిన్‌లో రెండు చుట్లు చుట్టి, అంచులకి టేపు వేసి పెట్టాను.

మొన్న ఫోను వచ్చింది. ఇప్పుడు నా సీట్లో ఉన్న అమ్మాయి చేసింది. నా దగ్గరే పని నేర్చుకుంది, నాకన్నా శ్రద్ధ ఎక్కువ. ఇంకో పాత అల్యూమినియం పడవకి వెనక బల్ల మారుస్తున్నారు. ప్లైవుడ్ వేయాలా, ఇప్పుడు వస్తున్న ప్లాస్టిక్ బోర్డు వేయాలా అని అడిగింది. బోర్డు కుళ్ళదు, కానీ బోల్టుల దగ్గర అణిగిపోని రకం చూసుకోవాలని చెప్పాను. అన్నీ రాసుకుంది. తర్వాత ఇంకో సంగతి ఎత్తింది.

"సార్, మీ సరంగు గారు వచ్చారండి. రాగి రేకు ఒకటి ఇచ్చి, బల్ల లోపల పెట్టమన్నారు. మీరే దగ్గరుండి పెట్టించారంట కదా, దాని వల్లే వరదలో బతికి బయటపడ్డామని చెప్పారు. రాగి కదా సార్ అంటే, మీ గురువుగారిని అడుగమ్మా అన్నారు. పెట్టమంటారా?"

"వద్దమ్మా. ప్లాస్టిక్‌లో చుట్టి కూడా వద్దు."

"రేపు బల్ల బిగించేటప్పుడు చూడ్డానికి వస్తానన్నారు సార్. ఆయనకి ఏం చెప్పను?"

చెప్పడానికి అదే సమయం. ఫోనులో, ముఖం కనపడకుండా, ఒక్క నిమిషం పని. ఈ కాగితాలు చదివే అలవాటు అతనికి ఎలాగూ లేదు. ఆ ధైర్యంతోనే మీకు ఇదంతా రాస్తున్నాను. ఆ అమ్మాయికైనా చెప్పి ఉండొచ్చు.

"ఆయన రాకముందే బల్ల మూసెయ్యి," అన్నాను. "పెట్టామని చెప్పు."

"సరే సార్," అంది ఆమె. ఆ మాట కూడా రాసుకుందేమో తెలియదు.